ఉతికి ఆరేసిన బండి

ఆవిడను అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆవిడే చుట్టూ చూస్తుంది. వీధి వీధంతా గంజక్క అంటారు. గంజక్క చేతిలో పడిన చొక్కా లోపల మనిషి లేకుండానే నిలబడుతుందని చెప్పుకుంటారు. అందులో అబద్ధం కొంచెమే. ఆ చొక్కా వేసుకున్నవాడు పక్కకు చూడాలంటే మెడ తిప్పితే చాలదు, మొత్తం మనిషే తిరగాలి. అయినా ఎవరూ ఇంకో లాండ్రీకి పోరు. కారణం మరకలు. సిరా మరక, నూనె మరక, రక్తం మరక, పిల్లలు ఎక్కడ పూసుకొచ్చారో వాళ్ళకే తెలియని మరక, ఏది తెచ్చినా ఆవిడ వేలితో ఒకసారి రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, "రేపు రండి" అంటుంది. రేపటికి అది ఉండదు. "నా చేతిలోంచి మరకతో బట్ట బయటికి పోయిన రోజున ఈ కొట్టుకు తాళం వేసేస్తా" అని వారానికి ఒకసారైనా అనకపోతే ఆవిడకు అన్నం సయించదు.

కొట్టంటే ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక పెరట్లో సిమెంటు తొట్లు, నీళ్ళు కాచే బాయిలరు, మిగిలిన చోటంతా బట్టలారేసే దండేలు. పనిచేసేది ముగ్గురు. ఉతుకుడు, గంజి, అరుపులు గంజక్కవి. ఇస్త్రీ ఆడపడుచుది. ఆవిడ నోరు ఇస్త్రీపెట్టె కంటే వేడి. ఇళ్ళకూ హోటలుకూ వెళ్ళి మూటలు తేవడం, ఇచ్చి రావడం గంజక్క మొగుడి పని. ఆయనకో పికప్పు ఉంది. పికప్పుకు ఆయన ఉన్నాడని కూడా అనొచ్చు.

అది ఏ రంగు బండి అంటే ముగ్గురూ మూడు మాటలు చెబుతారు. ఆయన ఆకాశనీలం అంటాడు, ఆడపడుచు బూడిద అంటుంది, గంజక్క తుప్పు అంటుంది. తలుపుల కింద అంచులు కొరికేసిన రొట్టెలా ఉంటాయి. చక్రాల మీది రేకులో వేలు పెడితే వేలు అవతల తేలుతుంది. ఆయన మాత్రం పొద్దున్నే పెళ్ళాం ముఖం కంటే ముందు దాని ముఖం చూసి, అద్దం తుడిచి, బానెట్ మీద ఒకసారి తట్టి వస్తాడు. "దాన్ని అమ్మేద్దామయ్యా, వచ్చిందే దక్కుడు" అని గంజక్క ఎప్పుడన్నా ఆ పూట ఆయన అన్నం మానేస్తాడు. అందుకని ఆవిడ ఆ మాట ఆయన తిన్న తర్వాతే అంటుంది.

ఇలా ఉండగా ఒకరోజు ఆయన బండి దగ్గర పడ్డాడు. కుడి చెయ్యి మణికట్టు విరిగింది. గంజక్క బాయిలరు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"ఎట్లా పడ్డావయ్యా?"

"సబ్బునీళ్ళు. కాలు జారింది."

నిజంగానే ఆ పొద్దున ఆవిడ అటువైపు సబ్బునీళ్ళు పారబోసింది. తుడవాలనుకుంది, ఈలోగా ఎవరో చొక్కా కోసం వచ్చారు, మర్చిపోయింది. ఇంకేముంది, పాపం తనదే అయింది. ఆ రోజు మొదలు ఆవిడ ఆయనకు బొత్తాలు పెట్టింది, తల దువ్వింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆయన విసుక్కుంటే పడింది. గంజక్క ఒకరి మాట పడటం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మూటలు ఎక్కించేందుకు బండి వెనక కిందికి దించే రేకు తలుపు, డాలా అంటారు, అది బిగుసుకుపోయిందని, తన చెయ్యి బాగయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఆయన చెబితే దానికీ సరేనంది. ఆడపడుచుకు బండి నడపడం వచ్చు. ఆవిడే నడుపుతూ, మూటలు పక్కనుంచి ఎత్తి పడేస్తూ నెట్టుకొచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, సరిగ్గా అప్పుడే హోటలుకు కొత్త మేనేజరు వచ్చాడు. కొట్టుకు వచ్చే పనిలో సగానికి పైగా ఆ హోటలు దుప్పట్లే. అవి పోతే మిగిలే చొక్కాలతో ముగ్గురు బతకలేరు. ఆ మేనేజరు ఒక తెల్ల దుప్పటి చంకలో పెట్టుకుని స్వయంగా వచ్చి, ఇస్త్రీ బల్ల మీద పరిచాడు. నడిమధ్యలో అరచేతి వెడల్పున తుప్పు మరక.

గంజక్కకు ఎవరో నలుగురిలో చెంప మీద కొట్టినట్టయింది.

"ఉతకడంలో మీకు వంక పెట్టనమ్మా" అన్నాడు మేనేజరు, మెత్తగా. మెత్తగా మాట్లాడేవాళ్ళంటే ఆవిడకు మొదట్నుంచీ భయం. "ఇది మీ బండి పెట్టిన మరక. తెల్ల దుప్పట్లు ఆ బండిలో రావడం ఇక కుదరదు. మూసిన వ్యాన్ ఉన్నవాళ్ళు అడుగుతున్నారు. వచ్చే శుక్రవారం వచ్చి బండి చూస్తాను. ఇలాగే ఉంటే మాత్రం ఏమీ అనుకోకండి."

బళ్ళకు రంగు వేసే మనిషిని పిలిపించారు. అతను బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, ఒక ధర చెప్పాడు. ఆ డబ్బుకు ఇంకో పాత బండి వస్తుంది, దాని తుప్పు దానికి ఉండనే ఉంటుంది. అతను వెళ్ళాక గంజక్క చీర చెంగు బొడ్లో దోపింది.

"నేనే వేస్తా."

"నువ్వా? గోడకు సున్నం కూడా ఎన్నడూ వెయ్యలేదు కదే!" అన్నాడు ఆయన.

"తుప్పంటే ఏంది? మరకేగా. మరకలు తీయడం నాకొకళ్ళు నేర్పాలా?"

గుడ్డ మీద తుప్పు మరక పడితే నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, ఎండలో పెట్టి, నీళ్ళతో జాడిస్తుంది గంజక్క. పోని మరక లేదు. నూలైతేనేం, ఇనుమైతేనేం, తుప్పు తుప్పే కదా అన్నది ఆవిడ సిద్ధాంతం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. బజారులో వాడిపోయిన నిమ్మకాయలు బస్తా అగ్గువకు తెచ్చింది. ముందు గరుకు కాగితంతో పై పెచ్చులన్నీ రాల్చి, తర్వాత నిమ్మచెక్కలు ఉప్పులో అద్ది బండిని రుద్దడం మొదలుపెట్టింది. ఆడపడుచు ఒక పక్క, తను ఒక పక్క. ఆయన కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని, బండి వెనక కుర్చీ వేసుకుని సలహాలు ఇస్తూ కూర్చున్నాడు. పెరడంతా నిమ్మకాయ వాసన. దారిన పోయేవాళ్ళు గోడ మీంచి తొంగి చూసి, ఎవరింట్లో వంటలు అని అడిగారు.

విచిత్రమేమిటంటే తుప్పు పోయింది. రెండు రోజులు రుద్దేసరికి కింద తెల్లని ఇనుము తళతళా బయటపడింది. ఆయన కూడా లేచొచ్చి ఎడమ చేత్తో తడిమి చూసి, "బాగానే ఉందే" అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడమంటే మాటలు కాదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ గంజక్క పుట్టి బుద్ధెరిగాక ఏ వస్తువునూ జాడించకుండా వదల్లేదు. ఉప్పు, పులుపు అలాగే ఉంటే బట్ట చివికిపోతుందని ఆవిడకు తెలుసు కదా. గొట్టం పెట్టి బండిని తల నుంచి పాదం దాకా కడిగింది. ఒక జాడింపు చాలదని రెండోది, మెరుపు కోసం మూడోది. ఆ మీదట సాయంత్రం గాలికి చక్కగా ఆరుతుందని నాలుగు తలుపులు... కాదు, దానికి ఉన్నవి రెండే తలుపులు, రెండూ బార్లా తెరిచి, తృప్తిగా చేతులు తుడుచుకుని ఇంట్లోకి పోయింది.

పొద్దున్నే బండి ముఖం చూడబోయిన ఆయన పెట్టిన కేకకు వీధి కుక్కలన్నీ లేచాయి. నిన్న తళతళలాడిన బండి ఈ చివర నుంచి ఆ చివరకు నారింజ రంగులోకి తిరిగింది. ఇంతకు ముందు తుప్పు అక్కడక్కడా ఉండేది. ఇప్పుడు తుప్పు లేని చోటు లేదు.

"అయ్యవారిని చేయబోతే కోతి అయింది వదినా" అంది ఆడపడుచు, నవ్వు ఆపుకోలేక.

గంజక్క నవ్వలేదు. మెట్టు మీద కూలబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఉతికినది మళ్ళీ మాసి కనపడటం ఇదే మొదటిసారి.

రంగుల షాపాయన ఆవిడ చెప్పిందంతా విని, బల్ల కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ చాలాసేపు నవ్వుకుని లేచాడు. "అమ్మా, బండికి స్నానం పోసి తలారబెట్టినట్టున్నారు. పచ్చి ఇనుముకు నీళ్ళు తగలకూడదు. మళ్ళీ రుద్దండి. రుద్దినంత మేర పొడి గుడ్డతో తుడిచి, టిన్నరు అద్ది, అప్పటికప్పుడే ప్రైమరు పూసేయండి. సాయంత్రం దాకా కూడా వదలొద్దు."

"మరి జాడించడం?"

"జాడించడం లేదమ్మా."

జాడించడం లేని పని కూడా ఒక పనేనా అని గంజక్కకు నమ్మకం కుదరలేదు. రంగు కూడా ఆయన దగ్గరే కుదిరింది. ఆస్పత్రి మంచాలకని ఎవరో కలిపించుకుని, తెలుపు కాస్త పసుపుగా ఉందని వదిలేసి పోయిన డబ్బాలు మూల పడి ఉన్నాయి. మూతలకు సొట్టలు. అడిగిన ధరలో సగానికి ఇచ్చాడు. వాటితో పాటు చిల్లులు పూడ్చే లప్పం, స్పాంజి రోలరు ఇచ్చి, ఆవిడ ముఖం చూసి జాలిపడి ఒక బ్రష్షు ఊరికే ఇచ్చాడు.

మళ్ళీ మొదలు. ఈసారి నిమ్మకాయలు లేవు, గరుకు కాగితం ఒకటే. రేకు మీద దాన్ని రుద్దుతుంటే వచ్చే చప్పుడు పళ్ళలోకి పోతుంది. గంజక్క వేళ్ళ చివర్లు అరిగి, ఇస్త్రీ చేసిన బట్ట మడత కూడా తెలియనంతగా మొద్దుబారాయి. అయినా రుద్దింది. హోటలు పోతుందన్న భయం ఒకటి. తన సబ్బునీళ్ళ వల్ల మొగుడి చెయ్యి విరిగింది, ఆయన చేయాల్సిన పని కనీసం తను చేసి పెట్టాలన్న బాధ ఇంకొకటి. ఈ రెండోదే ఎక్కువ పని చేయించింది. ముందు భాగం, తలుపులు, పక్క రేకులు, ఒక్కొక్కటీ రుద్దడం, తుడవడం, ప్రైమరు పూయడం. చిల్లులకు లప్పం పెట్టి, గంజి ఆరాక బట్టను నిమిరినట్టు నిమిరింది.

ఆయన కుర్చీ మాత్రం డాలా ముందు నుంచి కదల్లేదు.

"అక్కడ ఎండ కదయ్యా, ఇటు నీడలోకి జరుగు."

"ఎండ ఎముకకు మంచిదని డాక్టరు చెప్పాడు."

డాక్టరు అలాంటిదేమీ చెప్పలేదు. కానీ జబ్బు మనిషి కదా అని గంజక్క గొడుగు తెచ్చి పట్టుకోమని ఇచ్చింది.

బుధవారం కట్టు చూపించుకోవడానికి ఆయన ఆస్పత్రికి వెళ్ళక తప్పలేదు. వెళ్తూ, "డాలా జోలికి పోకు, నేనొచ్చాక చూద్దాం" అన్నాడు. వీధి చివరి దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ అదే మాట చెప్పి వెళ్ళాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఒకసారి చెప్పి ఊరుకుంటే ఆవిడ మర్చిపోయేది.

కుర్చీ పక్కకు లాగి చూసింది. డాలా బిగుసుకుపోలేదు. దాన్ని బండికి పట్టి ఉంచే రెండు బందుల్లో ఒకటి తుప్పు తిని మధ్యకు తెగిపోయి ఉంది. తెగిన చోట లోపలి నుంచి తీగ వేసి, చుట్టి చుట్టి బిగించారు. ఆ ముడులు ఎడమ చేత్తో, పళ్ళతో పట్టి లాగి వేసినవని చూస్తేనే తెలుస్తోంది. నీలం రంగు తొడుగున్న తీగ. దాని మీద ఒకచోట చిన్న ఎర్ర గుడ్డ పీలిక.

ఆ పీలిక తను కట్టిందే. హోటలు దుప్పట్లు ఇటు, ఇళ్ళ బట్టలు అటు అని గుర్తు కోసం దండేనికి కట్టింది. ఆ దండెం నెల కిందట మాయమైతే, నువ్వే ఎక్కడో పారేశావని ఆడపడుచుని తిట్టిపోసింది. ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడకుండా ఇస్త్రీ చేసింది.

"ఏమే, ఇటు రా."

ఆడపడుచు వచ్చి చూసింది. "ఇది మన దండెం తీగ కదా వదినా?"

"నువ్వు పారేశావని నేను తిట్టిన తీగ."

ఇద్దరూ డాలా వైపు చూశారు, నేల వైపు చూశారు, మళ్ళీ డాలా వైపు చూశారు. ఆయన డాలా దించి, దాని మీద కాలు పెట్టాడు. బందు తెగింది, పడ్డాడు. ఆ రోజు అందరూ ఆయన చేతిని చూశారు గానీ డాలా వైపు ఎవరు చూస్తారు? సబ్బునీళ్ళు పారబోసింది అటు పక్కన. ఆయన పడింది ఇటు పక్కన.

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చేసరికి గంజక్క ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో తీగ చుట్ట.

"ఆ రోజు కాలు ఎట్లా జారిందన్నావు?"

"చెప్పాగా, సబ్బునీళ్ళ..." అంటూ ఆయన తీగను చూశాడు. తేలు కుట్టిన దొంగలా అక్కడే ఆగిపోయాడు. ఆడపడుచు తలుపు దగ్గర నిలబడి, అన్న తప్పు చేయడం తనకు పండగైనా నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది.

"అది కాదే" అన్నాడు చివరికి. "నువ్వు ఎప్పుడూ అమ్మేద్దామంటుంటావు. ఇక బండే నన్ను పడేసిందని తెలిస్తే దాన్ని ఒక్క పూట ఉండనిస్తావా?"

"అందుకని పెళ్ళాం పడేసిందన్నావా?"

ఆయన మెడలోని కట్టు సర్దుకున్నాడు.

"నెల రోజులుగా నేను నిద్రలో కూడా నేల తుడుస్తున్నానయ్యా" అంది గంజక్క. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీకు ముద్ద పెట్టేటప్పుడల్లా ఈ చేతులే కదా నిన్ను పడేసినయ్యి అనుకున్నా. ఒక్కసారి... ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా నీకు?" ఆవిడ ఏడవడం ఆయన పెళ్ళయ్యాక చూసింది తక్కువ. కోపం వస్తే తట్టుకోవడం ఆయనకు అలవాటే, ఇది అలవాటు లేదు. ఆవిడ లేచి, తీగ చుట్ట చంకలో పెట్టుకుని, "నీ బండి, నీ రంగు, నీ హోటలు. నన్ను పిలవొద్దు" అని లోపలికి పోయింది.

ఆయన కాసేపు బండి దగ్గర నిలబడి, ఎటో వెళ్ళి, సాయంత్రానికి కొత్త బందులతో వెల్డింగ్ మనిషిని వెంటపెట్టుకొచ్చాడు. బందులు రెండూ మార్పించాడు. వెల్డింగ్ మనిషి వెళ్ళాక డాలా తనే రుద్ది, తుడిచి, ప్రైమరు పూశాడు. ఆ రాత్రి అన్నం తనే ఎడమ చేత్తో తిన్నాడు, సగం కింద పోసుకుంటూ. గంజక్క చూసి కూడా చూడనట్టు ఉంది.

గురువారం పొద్దున్నే ఆయన తెల్ల రంగు డబ్బా మూత తీశాడు. గంజక్క తొట్టి దగ్గర ఎవరిదో చొక్కాను అవసరమైన దానికంటే గట్టిగా బాదుతోంది. ఇస్త్రీ గది కిటికీలోంచి ఆడపడుచు వార్తలు చదవడం మొదలుపెట్టింది.

"వదినా, అన్నయ్య తలుపుకు వేస్తున్నాడు. సగం తలుపుకు, సగం చొక్కాకు."

చొక్కా మీద ఒక దెబ్బ పడింది.

"వదినా, రంగు కారుతోంది. చారలు చారలుగా దిగుతోంది."

చొక్కా మీద ఇంకో దెబ్బ పడింది.

"వదినా, ఇది తెలుపేనా? ఎండలో పసుపు కొడుతోంది."

ఇక ఆగలేకపోయింది. మొగుడు చేసిన మోసమైనా కొంతకాలం భరించగలదేమో గానీ, పసుపెక్కిన తెలుపు కళ్ళెదురుగా ఉంటే గంజక్క భరించలేదు. చేతులు దులుపుకుంటూ వచ్చి ఆయనకూ ఆడపడుచుకూ మధ్యలో నిలబడి, "మీ అన్నయ్యను ఆ బ్రష్షు కింద పెట్టమను" అంది.

"అన్నయ్యా, బ్రష్షు కింద పెట్టమంటోంది."

"పెట్టానని చెప్పు" అన్నాడు ఆయన, మూడడుగుల దూరం నుంచి.

కొట్టులో పసుపెక్కిన తెలుపుకు ఒకటే మందు, నీలిమందు. నాలుగు చుక్కలు పడితే ఎంత పాత దుప్పటైనా తెల్లబడుతుంది. సీసా తెచ్చి రంగు డబ్బాలో పోసింది. నాలుగు చుక్కలు చాలవేమోనని ఇంకాస్త పోసింది. కర్రతో తిప్పింది. నీలిమందు నీళ్ళది, రంగు నూనెది. రెండూ కలిసే రకాలు కావు. డబ్బా నిండా నీలం గింజలు తేలాయి. ఎంత తిప్పితే అన్ని ముక్కలై, విరిగిన పాలలా తయారైంది. ఉన్నది అదొక్కటే పెద్ద డబ్బా. శుక్రవారం రేపే.

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వే హక్కు తనకు ఇప్పట్లో లేదని గుర్తొచ్చి, ముఖం అటు తిప్పుకుని దగ్గాడు.

"దగ్గు మందు కావాలేమో అడగవే" అంది గంజక్క. అని, తనకూ నవ్వొచ్చి, దాన్ని కోపంలోనే కలిపేసుకుంది. లోపలికి పోయి చిరిగిన పల్చటి దుప్పటి ముక్క తెచ్చింది. గంజి ఉండలు కడితే ఎలా వడపోస్తుందో అలాగే రంగును గుడ్డలోంచి వడపోసింది. గుడ్డ ఒక అంచు పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆడపడుచు ఇస్త్రీపెట్టె వదిలి రాలేనంది. ఆయన వచ్చి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. గుడ్డ మీద నీలం మిగిలి, కింద గిన్నెలోకి సన్నటి రంగు జారింది. నలకలు, గడ్డలు, సొట్ట మూత లోపలి చెత్త, అన్నీ గుడ్డకే అంటుకున్నాయి. పసుపు మాత్రం అలాగే ఉంది. దానితోనే సరిపెట్టుకోక తప్పలేదు. కానీ ఆ వడపోసిన రంగు రోలరుతో పరిస్తే ఒక్క చార లేకుండా పరుచుకుంది. ఆయన కార్చిన చారలను కూడా గరుకు కాగితంతో తీసి సరిచేసింది. నూగు ఎగిరి తడి రంగుకు అంటుకుంటుందని ఆ రోజు దండేల మీద ఒక్క బట్టా వేయలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆడపడుచు ద్వారానే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆడపడుచు అలిగి, "నేను ఇస్త్రీకి ఉన్నానా, టెలిఫోన్‌కు ఉన్నానా?" అని కిటికీ వేసేసుకుంది.

"అక్కడ వదిలేశావు" అన్నాడు ఆయన, చక్రం మీది మూల చూపించి.

"కనపడుతోంది" అంది ఆవిడ. అవే మొదటి మాటలు.

శుక్రవారం మేనేజరు వచ్చేసరికి బండి ఆరి, పెరట్లో ఎండకు మెరుస్తోంది. దగ్గరగా చూస్తే లప్పం పెట్టిన చోట్ల ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. అందుకని గంజక్క మేనేజరుకు దూరం నుంచే చూపించాలని చూసింది. కానీ ఆయన దగ్గరికే పోయాడు. జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి బాడీ లోపల, అంచుల మీద, తలుపు మీద రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది.

"మంచి రంగు ఎంచుకున్నారు. ఐవరీ కదా?"

గంజక్క గుటక మింగి, "అదే సార్" అంది.

మేనేజరు వెనక్కి నడిచి డాలా మీద చెయ్యి వేశాడు. అతని చూపు గంజక్క మొగుడి మెడకు వేలాడుతున్న కట్టు మీద పడింది. "మా కుర్రాళ్ళు దీని మీదే ఎక్కి దిగుతుంటారు. ఇంతకీ మీ చెయ్యి ఎలా విరిగిందండీ?"

బండి పడేసిందంటే హోటలు పోతుంది. గంజక్కకు అది క్షణంలో అర్థమైంది. నెల రోజులు ఏడ్చిన మాటే ఈసారి తెలిసి తెలిసి తన నెత్తిన వేసుకోవడానికి నోరు తెరిచింది. అదే క్షణంలో మొగుడు కూడా తెరిచాడు.

"సబ్బునీళ్ళు సార్, నేనే తుడవలేదు" అంది ఆవిడ.

"బండే సార్, బందు తెగింది" అన్నాడు ఆయన.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. మేనేజరు ఆవిడ వైపు, ఆయన వైపు చూశాడు. ఆ మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకుంటున్నారు. మేనేజరు ఉన్నాడన్న సంగతే వాళ్ళకు గుర్తున్నట్టు లేదు.

"పడింది ఒక్కసారే సార్" అంది ఆడపడుచు కిటికీలోంచి. "కారణం మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకున్నారు."

"తప్పు నాదే సార్" అన్నాడు ఆయన. "తెగుతుందని తెలిసీ చూసుకోలేదు. ఆవిడ మీద పెట్టాను. ఇప్పుడు కొత్త బందులు వేయించాను. కావాలంటే చూడండి." డాలా దించి, దాని మీదకు ఎక్కి నిలబడ్డాడు. డాలా కదల్లేదు. మేనేజరు కూడా ఎక్కాడు. ఆయన కాస్త బరువైన మనిషి. అయినా కదల్లేదు. ఇద్దరూ అలా పక్కపక్కన నిలబడి, పెరటిని చూశారు.

"సోమవారం దుప్పట్లు తీసుకెళ్ళండి" అన్నాడు మేనేజరు దిగుతూ.

గంజక్క మొగుడి చెయ్యి బాగయింది. బండి మళ్ళీ ఆయనే నడుపుతున్నాడు. బొత్తాలు తనే పెట్టుకోగలడు, అయినా పై బొత్తం దగ్గరకు వచ్చేసరికి గంజక్క ముందు నిలబడి గడ్డం పైకెత్తుతాడు. ఆవిడ తిడుతూనే పెడుతుంది. అమ్మేద్దామన్న మాట మాత్రం ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

ఆ తీగను ఆవిడ పారేయలేదు. ఎర్ర పీలికతో సహా పెరట్లో మళ్ళీ దండెంగా కట్టింది. దాని మీద ఆయన చొక్కాలు తప్ప ఇంకేమీ ఆరేయదు. బందుకు రాసుకుని తొడుగు ఊడిపోయిన చోట తీగకు తుప్పు పట్టింది. ఆయన తెల్ల చొక్కా ఏది చూసినా భుజం వెనక గోరంత తుప్పు మరక ఉంటుంది.

"నీ చేతిలోంచి మరకతో బట్ట పోతోంది వదినా, కొట్టుకు తాళం ఎప్పుడేస్తావు?" అంటుంది ఆడపడుచు.

"అది బయటి బట్ట కాదే, ఇంటిది" అంటుంది గంజక్క.

ఆయన ఆ చొక్కాలే వేసుకుని హోటలుకు వెళ్తాడు, వస్తాడు. మరక తీయమని ఒక్కసారి కూడా అడగలేదు. నిమ్మకాయలూ ఇంట్లోనే ఉంటాయి, ఉప్పూ ఇంట్లోనే ఉంటుంది.